సూరత్ ఫలహారం: శుచి ఒకటి, శుభ్రం ఒకటి

సూరత్‌లో ఒక సామెత ఉంది. "సూరత్ను జమణ్, కాశీను మరణ్" అంటారు. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని అర్థం. ఈ ఊళ్ళో ఏ ఫలహారం కొట్టువాణ్ణి కదిపినా ముందు ఈ ముక్క చెప్తాడు. మన హేతువాద మిత్రులు రెండో సగం విని నవ్వేసి ఊరుకుంటారేమో గానీ, నాకు ఈ సామెత బాగా నచ్చింది. ఇందులో రెండు హామీలున్నాయి. కాశీలో పోయినవాళ్ళెవరూ తిరిగొచ్చి రసీదు చూపించలేదు కాబట్టి రెండోది తనిఖీకి దొరకదు. మొదటిది మాత్రం ఏ రోజుకారోజు పొద్దున్నే ఏడింటికి వీధి చివర తేల్చుకోవచ్చు. ముప్పై ఏళ్ళకు పైగా డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. వోచరు లేని ఖర్చుని ఒప్పుకోవడం నాకు చేతకాదు. అందుకని నేను మొదటి హామీ దగ్గరే ఆగిపోయాను.

ఏడాదిలో నాలుగైదు నెలలు మా అమ్మాయి వాళ్ళ దగ్గర సూరత్‌లో ఉంటున్నాను. పొద్దున నడక అయ్యాక వెళ్ళే కొట్టు ఒకటుంది. కొట్టు అంటే పది అడుగుల గది, ముందు రేకు పందిరి, కూర్చోవడానికి రెండు బల్లలు. చాలామంది నిలబడే తింటారు. గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చిన దండ వేలాడుతూ ఉంటుంది. లోపల పెద్ద ఆవిరి పెట్టె పొగలు కక్కుతూ ఉంటుంది. కొట్టు యజమాని పళ్ళెం బయటికి లాగి, అట్లకాడతో పసుపు ముద్దని గీకి, కాగితం ప్లేటులో వేసి, పైన నూనె చిలకరించి, మసాలా పొడి చల్లి, సన్న కారప్పూస, ఉల్లిపాయ ముక్కలు వేసి, పక్కన ఆకుపచ్చ చట్నీ పోసి ఇస్తాడు. అదే లోచో.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. శనగపప్పుని ఐదారు గంటలు నానబెట్టి బరకగా రుబ్బుతారు. కొందరు కాసిని అటుకులు గానీ, కొంచెం మినప్పప్పు గానీ కలుపుతారు. అల్లం, పచ్చిమిర్చి నూరి వేసి, పిండిని కాసేపు పులియనిచ్చి, పసుపు, ఉప్పు, నూనె, చిటికెడు తినే సోడా కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు. పిండి గట్టిగా ఉంటే ముక్కలు కోయడానికి వచ్చే ఖమణ్ అవుతుంది. నీళ్ళు ఎక్కువ పోసి పల్చన చేస్తే ముక్క తెగదు, గీకి తీయాల్సిందే. మనవాళ్ళు పసుపుపచ్చగా మెత్తగా ఉన్న ప్రతిదాన్నీ ఢోక్లా అనేస్తారు. ఢోక్లాలో బియ్యం పడుతుంది, ఖమణ్‌కి శనగపప్పే ఆధారం. ఈ ఖమణ్‌నే చిదిమి, పోపు పెట్టి, కారప్పూస చల్లితే సేవ్ ఖమణీ. రుచి సంగతి చెప్పాలంటే మన ఆవిరి కుడుముకి దూరపు చుట్టం, కాకపోతే కాస్త అల్లరి చుట్టం. వేడిగా ఉన్నప్పుడు తినాలి. చల్లారితే గోడకి పూసే మట్టిలా అవుతుంది.

ఈ ఊరి తిండి పేర్లు చూస్తే నాకు నవ్వొస్తుంది. గుజరాతీలో లోచో అంటే గందరగోళం, చిక్కు. ఇక్కడ గుడ్లతో చేసే ప్రసిద్ధమైన వంటకం ఒకటుంది, దాని పేరు ఘోటాలా. అంటే కుంభకోణం. ఉద్యోగంలో ఉండగా నేను రాసిన ఆడిట్ అభ్యంతరాలన్నీ ఈ రెండు మాటల్లో సర్దేయొచ్చు. అప్పుడు ఫైళ్ళలో వెతికినవి ఇప్పుడు ప్లేటులో వస్తున్నాయి.

లోచో పుట్టుక గురించి ఒక కథ చెప్తారు. ఎవరో ఖమణ్ చేస్తూ పొరపాటున నీళ్ళు ఎక్కువ పోశాడట, ముక్క గట్టిపడలేదట, "లోచో అయిపోయింది" అని నెత్తి కొట్టుకున్నాడట, పారేయడం ఇష్టంలేక కారప్పూస చల్లి అమ్మేస్తే జనం ఎగబడ్డారట. కథ బాగుంది. ఆ ఒక్కడు ఎవరో, ఏ సంవత్సరమో అడిగితే మాత్రం కొట్టుకో జవాబు వస్తుంది. వోచరు లేదు. పైగా ఇదే అచ్చులో పోసిన కథలు ప్రపంచమంతా ఉన్నాయి. బంగాళాదుంప చిప్స్‌ని అమెరికాలో సారటోగా అనే ఊళ్ళో జార్జ్ క్రమ్ అనే వంటవాడు 1853లో ఒక విసిగించే గిరాకీ మీద కోపంతో కనిపెట్టాడని చెప్తారు. అప్పటికి ముప్పై ఏళ్ళకు ముందే, 1817లో ఇంగ్లండులో వచ్చిన విలియం కిచినర్ వంటల పుస్తకంలో ఆ వంటకం ఉంది. అలాగని లోచో కథ అబద్ధమని నేను అనడం లేదు. పిండి పల్చనైతే ఏమవుతుందో ప్రతి వంటింట్లో తెలిసిన సంగతే. దానికి ఒక మూలపురుషుడు ఉండి తీరాలన్న పట్టుదల మాత్రం మనుషుల బలహీనత. వంటకానికైనా, మతానికైనా.

"ఇది మా సంప్రదాయ ఆహారం, అనాదిగా ఉన్నది" అని కొట్టులో పెద్దవాళ్ళు గర్వంగా చెప్తారు. గర్వపడనివ్వండి, తప్పులేదు. కానీ ప్లేటులో ఏమున్నాయో లెక్క రాసుకుందాం. పచ్చిమిర్చి అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ తర్వాత మన దేశానికి వచ్చింది. పైన చిలకరించేది వేరుశనగ నూనె అయితే ఆ వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. తినే సోడా ఫ్యాక్టరీలు పెట్టి చవగ్గా తయారుచేయడం పందొమ్మిదో శతాబ్దపు సంగతి. ఇన్ని దేశాల సరుకు కలిస్తే గానీ మన "అనాది" తయారుకాలేదు. తైవాన్‌లోనూ అంతే. అక్కడ పొద్దున్నే వీధి కొట్లలో తినే వేడి సోయాపాలు, నూనెలో వేయించిన పొడుగాటి పిండి కాడలు ఈనాడు తైవాన్ సంప్రదాయ ఫలహారం. 1949 తర్వాత చైనా నుంచి తరలివచ్చినవాళ్ళు తైపే పక్కన యోంగ్హ అనే చోట పెట్టుకున్న కొట్లతోనే దానికి ఇంత పేరొచ్చింది. ఊరుగాని ఊరికొచ్చినవాడు బతుకుతెరువు కోసం ముందు పెట్టేది పొద్దున ఫలహారం కొట్టే. పెట్టుబడి తక్కువ, గిరాకీ రోజూ ఉంటుంది. ఒక తరం గడిచేసరికి అది ఆ ఊరి సంప్రదాయమైపోతుంది.

ఇంతవరకు సరదా. అసలు నేను రాయాలనుకున్నది ఈ ప్లేటు చుట్టూ తిరిగే ఇంకో లెక్క గురించి.

పోయినసారి మా ఆవిడ అన్నగారు, అంటే మా బావగారు, గుంటూరు నుంచి వచ్చి వారం రోజులున్నారు. చదువుకున్నవారు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు, మంచి మనిషి. నేను లోచో కొట్టుకి తీసుకెళ్తే గుమ్మం దగ్గరే ఆగి నా చెవిలో అడిగారు:

"వండేదెవరు బావగారూ?"

"అదుగో, ఆ నీలం చొక్కా ఆయన."

"అది కాదండీ. ఎవరు అని."

ఆయన అడిగిందేమిటో నాకు అర్థమయింది. తెలియదని చెప్పాను. నిజంగానే తెలియదు. కొట్టు మీద "శుద్ధ శాకాహారం" అన్న బోర్డు చూపిస్తే కొంచెం స్థిమితపడి తిన్నారు. ఇష్టంగానే తిన్నారు.

ఆదివారం నాడు ఆయన్ని లింబాయత్ తీసుకెళ్ళాను. అదెందుకో చెప్పాలి. సూరత్ అంటే మనకి వజ్రాలు, చీరలు గుర్తొస్తాయి. ఆ చీరల గుడ్డ నేసే పవర్‌లూమ్‌ల వెనక తెలుగువాళ్ళు వేలకొద్దీ ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గం నమ్ముకుని వచ్చినవాళ్ళు, ఎక్కువమంది పద్మశాలీలు. లింబాయత్, ఉధనా వైపు వెళ్తే తెలుగు బోర్డులు కనిపిస్తాయి, బతుకమ్మ పాటలు వినిపిస్తాయి. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మీడియం కూడా ఉంది. పన్నెండు గంటల రాత్రి షిఫ్టు దిగి చెవుల్లో మగ్గాల మోత ఇంకా పోకుండానే వచ్చే కార్మికుడికి ఆ సందుల్లో బండి మీద వేడి ఇడ్లీ దొరుకుతుంది. పరాయి ఊళ్ళో మన భాషలో "ఇంకో రెండు వేయనా" అని అడిగేవాళ్ళుంటే ఎంత బాగుంటుందో బావగారికి చూపిద్దామని నా ఆశ.

బండి నడిపే ఆవిడ యాభై దాటిన మనిషి. ఆవిడ తెలుగు వినగానే బావగారి మొహం విప్పారింది.

"ఏ ఊరమ్మా మీది?"

"సిరిసిల్ల దిక్కు సారూ."

"అలాగా! ఇంటిపేరేమిటి?"

ఆవిడ చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. "ఇంటిపేరెందుకు సారూ, ఇడ్లి వేడిగున్నది, తినుండ్రి" అంది నవ్వుతూనే.

ఆ నవ్వు ఇవాళ నేర్చుకున్నది కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఇలాంటి ప్రశ్న ఆవిడ ఎన్నిసార్లు విని ఉంటుందో. బావగారు ఇడ్లీ తినలేదు. పొద్దున్నే కడుపు బరువుగా ఉందన్నారు. మర్యాదకి బండి పక్కన బకెట్లోంచి ఒక గ్లాసు నీళ్ళు ముంచుకుని తాగారు. నేను ఆరు ఇడ్లీలు తిన్నాను, ఆయన వంతు కూడా కలిపి.

ఇంటికొచ్చాక ఇదంతా కాగితం మీద పెట్టి చూశాను. మా బావగారు ఆ బండి దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే భయంలేని పదార్థాన్ని వద్దన్నారు, అన్నిటికంటే ప్రమాదమైనదాన్ని తాగారు. ఇడ్లీ గానీ లోచో గానీ ఆవిరి పెట్టెలో నూరు డిగ్రీల దగ్గర పది నుంచి ఇరవై నిమిషాలు ఉడుకుతుంది. రోగాలు తెచ్చే సూక్ష్మజీవుల్లో చాలాభాగం అక్కడే చచ్చిపోతాయి. కొన్ని మొండి రకాలు విత్తనంలాంటి రూపంలో మిగిలి, వండినదాన్ని గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే మళ్ళీ పెరుగుతాయి. అందుకే పొగలు కక్కుతుండగా తినేయడం మంచిది. పిండి పులిసినప్పుడు పుట్టే ఆమ్లం కూడా కొంత కాపలా కాస్తుంది. ప్రమాదం ఉన్నదల్లా పచ్చిగా వచ్చేవాటిలో. పచ్చినీళ్ళతో నూరిన చట్నీ, ముందే తరిగి పెట్టిన ఉల్లిపాయలు, మూతలేని బకెట్టు, అందులో మునిగే చెయ్యి. టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు ఆ దారినే వస్తాయి.

మన ఆచారం దీన్ని సరిగ్గా తిరగేసింది. స్వయంపాకం ఇవ్వడం మీకు తెలిసిందే. బియ్యం, పప్పు, కూరగాయలు పచ్చివి ఎవరిచ్చినా పుచ్చుకోవచ్చు. వండిన అన్నం మాత్రం "తగినవాళ్ళు" ముట్టుకున్నదే అయ్యుండాలి. ఉత్తరాదిన నీళ్ళతో ఉడికించినది పరాయి కులం చేతి నుంచి పనికిరాదు, నేతిలో వేయించినది పనికొస్తుంది. ఏ సూక్ష్మజీవికీ ఈ నియమాలు తెలియవు. శుచి అనే పట్టిక రాసినవాడి ముందున్న ప్రశ్న "ఇది తింటే జబ్బు చేస్తుందా" అన్నది కాదు. "ఇది తింటే నేను ఎవరితో సమానమైపోతాను" అన్నదే ఆ ప్రశ్న.

ఒక మాట న్యాయంగా ఒప్పుకోవాలి. మన ఇళ్ళల్లో ఎంగిలి పట్టింపు ఉంది, కాళ్ళు చేతులు కడుక్కుని లోపలికి రమ్మంటారు. ఇవి కొన్ని రోగాల్ని ఆపే ఉంటాయి. ఆచారంలో ఉన్న ప్రతిదీ చెడ్డదని అనడం హేతువాదం కాదు. కానీ ఆగిపోయిన గడియారం కూడా రోజుకి రెండుసార్లు సరైన టైము చూపిస్తుంది. అలాగని దాన్ని చూసి రైలెక్కలేం. మడి కట్టుకున్న తడిబట్టతోనే చెరువు నీళ్ళు మరగకుండా తాగడం ఆచారానికి తప్పుగా తోచలేదు. కలరా వచ్చినప్పుడు మడి ఎవరినీ కాపాడలేదు.

ఇది మన దేశపు జబ్బే అనుకోనక్కర్లేదు. వియన్నా ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు 1847లో ఒక విచిత్రం గమనించాడు. డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుడుపోసే వార్డులో బాలింతలు మంత్రసానుల వార్డులో కంటే ఎక్కువగా చనిపోతున్నారు. శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారని గ్రహించి, క్లోరిన్ సున్నం కలిపిన నీళ్ళతో చేతులు కడిగించాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన వార్డులో జూన్‌లో ఇద్దరికి తగ్గింది. అయినా పెద్ద డాక్టర్లు చాలాకాలం ఒప్పుకోలేదు. అదే రోజుల్లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ మెగ్స్ అనే పేరున్న వైద్యుడు, డాక్టర్లు పెద్దమనుషులు, పెద్దమనుషుల చేతులు శుభ్రంగానే ఉంటాయి అని వాదించాడు. మా బావగారి ప్రశ్న కూడా ఇదే కుటుంబానికి చెందింది. మనిషి హోదాని బట్టి చేతి శుభ్రం తేల్చేయడం.

ఈ విషయంలో సూరత్‌కి ఉన్నంత అనుభవం మన దేశంలో ఇంకే ఊరికీ లేదేమో. ఈ ఊళ్ళో గుళ్ళకీ, ఉపవాసాలకీ, ఉల్లి వెల్లుల్లి ముట్టని వంటిళ్ళకీ ఎప్పుడూ కొదవలేదు. 1994 సెప్టెంబరులో తాపీ వరద తీసిన తర్వాత, వేడ్ రోడ్డు వైపు ఇరుకు వాడల్లో ఊపిరితిత్తుల ప్లేగు బయటపడింది. నాలుగు రోజుల్లో లక్షలమంది రైళ్ళూ బస్సులూ పట్టుకుని పారిపోయారు. అందులో వలస కార్మికులే ఎక్కువ. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది కూడా ఊరు వదిలేశారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. చనిపోయినవాళ్ళు యాభై మందికి పైగా ఉన్నారు. అది ప్లేగు కానేకాదని కూడా అప్పట్లో పెద్ద వాదన నడిచింది. ఆ వాదనని తేల్చింది ఉపన్యాసాలు కావు. 1994 నాటి నమూనాల్లోని బాక్టీరియా జన్యువుల్ని చదివి, అది ప్లేగు క్రిమేనని మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2000లో ప్రకటించారు. హేతువాదులుగా మనం చెప్పుకోదగ్గ సంగతి ఇది.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 1995 మేలో ఎస్.ఆర్.రావు అనే ఐఏఎస్ అధికారి నగరపాలక కమిషనర్‌గా వచ్చారు. పేరు చూసి మనవాడని మురిసిపోవడం కూడా ఇంటిపేరు అడగడంలాంటిదే కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఆయన చేసిన పని చూద్దాం. అధికారుల్ని ఏసీ గదుల్లోంచి లేపి రోజూ పొద్దున వీధుల్లోకి పంపారు. ఆరు జోన్లకీ అధికారాలు పంచి, ఏ వీధి చెత్తకి ఎవరు జవాబుదారీయో రాసిపెట్టారు. పెద్దా చిన్నా చూడకుండా ఆక్రమణలు కూల్చారు. హోటళ్ళు, ఫలహారశాలలు తనిఖీ చేసి, వంటిల్లు మురికిగా ఉంటే జరిమానా వేశారు, మూయించారు. 1996లో ఇన్‌టాక్ సంస్థ సర్వేలో దేశంలో చండీగఢ్ తర్వాత శుభ్రమైన నగరం సూరత్ అని తేలింది. ప్లేగుకీ దానికీ మధ్య రెండేళ్ళు. రావుగారు 1997లో వెళ్ళిపోయారు, పద్ధతి చాలావరకు నిలిచింది. 2006 ఆగస్టులో ఉకాయి డ్యాం నీళ్ళు వదిలితే ఊళ్ళో ఎక్కువ భాగం మునిగింది. 1994 కంటే చాలా పెద్ద వరద అది, అయినా ప్లేగు మళ్ళీ రాలేదు. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం కట్టకూడదని నాకు తెలుసు, అయినా ఇది బలమైన సాక్ష్యమే. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానం పంచుకుంది.

ఈ మార్పులో ఏ పూజా లేదు. మనుషుల మనసులు మారిపోయాయని కూడా నేననను. చెత్త ఎత్తారు, కాలవలు తవ్వారు, లెక్కలు రాశారు, జరిమానాలు వసూలు చేశారు. శుచి తరతరాలుగా ఈ ఊళ్ళో ఉంది, ప్లేగుని ఆపలేకపోయింది. శుభ్రం రెండేళ్ళలో వచ్చింది.

ఆడిటర్ బుద్ధి ఇంకో ప్రశ్న కూడా వేస్తుంది. నమూనా ఎక్కణ్ణుంచి తీశారు? సర్వే బృందానికి కనిపించే పెద్దరోడ్లు వేరు, మగ్గాల షెడ్ల వెనక సందులు వేరు. నేను ఉద్యోగంలో ఉండగా బస్తాల లెక్క చూడటానికి వెళ్తే ముందు వరసే చూపించేవాళ్ళు. వెనక వరసకి నడవడమే నా పని. సూరత్ ముందు వరస నిజంగా మెరుగ్గా ఉంది. వెనక వరసలో ఆ ఇడ్లీ బండి దగ్గర కొళాయి లేదు. ఆవిడ ఎక్కడినుంచో డబ్బాలతో మోసుకొచ్చిన నీళ్ళే చేతులకీ, ప్లేట్లకీ, తాగడానికీ. బకెట్టుకి మూత లేకపోవడం ఆవిడ ఇంటిపేరుతో సంబంధం లేని సంగతి, కొళాయి లేకపోవడంతో మాత్రం సంబంధం ఉన్నదే.

శుచి ఒక్కోసారి శుభ్రం చొక్కా తొడుక్కుని వస్తుంది. అప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. 2021 నవంబరులో రాజ్‌కోట్, వడోదరా, అహ్మదాబాద్ వంటి గుజరాత్ నగరాల్లో గుడ్లు, మాంసం అమ్మే బళ్ళని పెద్దరోడ్ల మీదనుంచి తీసేయమన్నారు. మత మనోభావాలని ఒకరన్నారు, ట్రాఫిక్ అని ఒకరన్నారు, పరిశుభ్రత అని మరొకరన్నారు. పరిశుభ్రతే కారణమైతే పచ్చినీళ్ళ పానీపూరీ బండిని ఆ లెక్కలో ముందు రాయాలి. పెనం మీద సలసల కాగే నూనెలో వేగిన గుడ్డు దాని తర్వాతే. డిసెంబరులో బళ్ళవాళ్ళు హైకోర్టుకి వెళ్తే, జనం ఏం తినాలో మీరెలా నిర్ణయిస్తారని న్యాయమూర్తి అహ్మదాబాద్ కార్పొరేషన్‌ని నిలదీశారు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో ఉన్న తిండి కొట్లన్నీ యజమానుల పేర్లు రాసిపెట్టాలన్నప్పుడు సుప్రీంకోర్టు ఆపింది. ఏ వండుతున్నారో రాయమనండి, పేరెందుకు అన్నది దాని సారాంశం. లింబాయత్‌లో ఆ ఇడ్లీ ఆవిడ అన్న మాటే, కాకపోతే ఆవిడ గరిటె పట్టుకుని అంది.

అందుకని కొట్టు ముందు ఉండే గుర్తుల్ని నేను విడదీసి చూస్తాను. పచ్చచుక్క శాకాహారమని చెప్తుంది, చేతులు కడిగారో లేదో చెప్పదు. "శుద్ధ" అన్న బోర్డు ఆ ఇంటి ఆచారం చెప్తుంది. నిమ్మకాయ దండ దిష్టి సంగతి చూసుకుంటుందేమో గానీ ఈగల సంగతి చూసుకోదు. పైగా దాని మీదే ఈగలు వాలుతున్నాయి. ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన పద్నాలుగు అంకెల నంబరు ఉంటే, కనీసం అడగడానికి ఒక చిరునామా ఉన్నట్టు. అది కూడా ఇవాళ్టి చట్నీకి హామీ కాదు.

నేను చూసేవి వేరు. ఆవిరి పెట్టెలోంచి నేరుగా ప్లేటులోకి వస్తోందా, ముందే తీసి పెట్టారా? డబ్బులు తీసుకునే చెయ్యీ, వడ్డించే చెయ్యీ ఒకటేనా? చట్నీ మీద మూత ఉందా? ప్లేట్లు పారే నీళ్ళలో కడుగుతున్నారా, ఒకే బకెట్లో ముంచి తీస్తున్నారా? గిరాకీ ఎక్కువగా ఉండి సరుకు ఎప్పటికప్పుడు అయిపోతోందా? ఐదు ప్రశ్నలు. దేనికీ కులం, మతం, ఇంటిపేరు అక్కర్లేదు. నిలబడి రెండు నిమిషాలు చూస్తే జవాబులు దొరుకుతాయి. నేను వెళ్ళే లోచో కొట్టుకి ఐదింట్లో నాలుగు మార్కులు వేశాను. చట్నీకి మూత లేదు. రెండుసార్లు చెప్పాను, మూడోరోజు నుంచి స్టీలు మూత కనిపిస్తోంది. నిమ్మకాయ దండ అలాగే ఉంది. దాని జోలికి నేను పోలేదు. ముందు మూత, తర్వాత దండ.

కలిసి తినడం చిన్న విషయమని మన ఉద్యమం ఎప్పుడూ అనుకోలేదు. గోరాగారు మచిలీపట్నంలో సహపంక్తి భోజనాలు పెట్టింది అందుకే. 1972 ఆగస్టు 15న విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం ఒకే పంక్తిలో తినే స్నేహ కార్యక్రమం జరిపిందీ అందుకే. అంత పెద్ద కార్యక్రమాలు చేసే ఓపిక నాకు లేదు. పొద్దున్నే ఒక బండి దగ్గర నిలబడి, వండినావిడని ఊరు తప్ప ఏమీ అడగకుండా, వేడి ఇడ్లీ తినగలను. ఆ ఊరు కూడా తెలుగు మాట్లాడాలన్న సరదాకే.

బావగారు గుంటూరు వెళ్ళాక ఫోను చేసి, లోచో ఎలా చేస్తారో కనుక్కుని చెప్పమన్నారు. చెప్పాను. శనగపప్పు ఎంత, నీళ్ళు ఎంత, సోడా ఎంత అని అడిగి రాసుకున్నారు. ఇడ్లీ బండి ప్రసక్తి నేనే తెచ్చి, ఆ రోజు మీరు తాగిన నీళ్ళ సంగతి ఇదీ అని వివరించాను. కాసేపు మాట్లాడలేదు. "నీళ్ళ సంగతి నేను ఆలోచించలేదు" అన్నారు. ఇడ్లీ సంగతి ఆయన అనలేదు, నేనూ రెట్టించలేదు. వచ్చే శీతాకాలంలో మళ్ళీ వస్తానన్నారు. అప్పటికి లేత జొన్నకంకులు కాల్చి రాల్చిన పోంక్, అంటే మన ఊచబియ్యం, తాపీ ఒడ్డున అమ్ముతూ ఉంటారు.

లింబాయత్‌లో ఆ సందు మొగకి ఒక కొళాయి కావాలని నగరపాలక సంస్థకి దరఖాస్తు రాయించాను. సంతకాలు చేసినవాళ్ళలో రాత్రి షిఫ్టు దిగిన మగ్గం కార్మికులున్నారు, ఆ పక్కనే గుడ్ల ఘోటాలా బండి పెట్టుకున్నతనున్నాడు, ఇడ్లీ ఆవిడ ఉంది. వీధి వ్యాపారుల రక్షణకి 2014లో చట్టం వచ్చింది, వాళ్ళకి తగిన చోటు చూపించి కనీస వసతులు కల్పించాలన్నది దాని ఉద్దేశం. దరఖాస్తులో పేరు, ఇంటిపేరు రెండూ రాయాల్సి వచ్చింది. ఇడ్లీ ఆవిడ ఆ గడి దగ్గర ఆగి నా వైపు చూసింది. "ఇక్కడ రాయి అమ్మా, ఇది కొళాయి కోసం" అన్నాను. రాసింది.